పాటల ఫైళ్లకు ట్యాగులు: సాఫ్ట్‌వేర్‌కు ఏం తెలుసు, ఏం తెలియదు

విశాఖపట్నంలో చాలా ఇళ్లలో పాటల హార్డ్ డిస్కు ఒకటి ఉంటుంది. 700 మెగాబైట్ల సీడీలో 128 కిలోబిట్ల నాణ్యతతో దాదాపు 150 పాటలు పట్టించిన రోజుల్లో జగదాంబ కూడలి చుట్టుపక్కల కొన్న ఎంపీత్రీ సీడీలు, సముద్రపు తేమకు బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న క్యాసెట్లు, స్నేహితుల పెన్‌డ్రైవుల నుంచి వచ్చిన ఫోల్డర్లు అన్నీ అందులో చేరి ఉంటాయి. ఉక్కునగరంలోనో నావికాదళ క్వార్టర్లలోనో ఉండేవారి డిస్కుల్లో ఒడియా, బెంగాలీ, హిందీ పాటలు కూడా తెలుగు పాటలతో కలగలిసి ఉంటాయి. పాటలు వేలల్లో ఉన్నా కావలసిన పాట దొరకదు. ఒక ఫైలు పేరు ‘ట్రాక్ 01’ అని ఉంటుంది, మరొకదానిలో గాయకుడి పేరు ఉండవలసిన చోట ఏదో డౌన్‌లోడ్ సైటు చిరునామా ఉంటుంది.

ఈ గందరగోళాన్ని సర్దడానికి మంచి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిలో కొన్ని ఉచితం కూడా. అయితే ‘ఆటోమేటిక్’ అన్న మాట వల్ల, సాఫ్ట్‌వేర్ పాటను విని, అర్థం చేసుకుని, దాని వివరాలు తానే రాస్తుందన్న అభిప్రాయం కలుగుతుంది. వాస్తవంలో అది చేసే పనులు మూడు. ముందు ఫైలు ఏ పాటదో పోల్చుకుంటుంది, ఆ పాట వివరాలను ఒక పెద్ద డేటాబేసులో వెతికి తెస్తుంది, తెచ్చిన వాటిని ఫైలులో రాసి దాన్ని తగిన ఫోల్డరులో పెడుతుంది. మొదటి పనిలోనూ మూడో పనిలోనూ ఈ సాఫ్ట్‌వేర్లు ఎంతో సమర్థమైనవి. తెలుగు పాటల విషయంలో ఇబ్బంది అంతా రెండో పనిలోనే ఉంది, ఎందుకంటే ఆ డేటాబేసులో ఎవరో ఒకరు కూర్చుని నింపిన సమాచారం తప్ప సాఫ్ట్‌వేర్‌కు వేరే జ్ఞానం లేదు.

ముందుగా ట్యాగు అంటే ఏమిటో చూడాలి. పాట పేరు, గాయకుడు వంటి వివరాలను పాట ఫైలులోనే రాసి ఉంచే చోటు అది. ఎంపీత్రీ ఫైలు ప్రధానంగా శబ్దం కోసం తయారైన రూపం, అందులో పాట పేరుకు చోటు లేదు. 1996లో ఎరిక్ కెంప్ ఫైలు చివర 128 బైట్ల చిన్న ముక్కను అతికించే పద్ధతిని ప్రవేశపెట్టారు. అదే ఐడీత్రీ ట్యాగు తొలి రూపం. అందులో పాట పేరుకు 30 బైట్లు, గాయకుడికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, సంగీత రకానికి 1 బైటు కేటాయించారు, మిగిలిన 3 బైట్లు ట్యాగు మొదలును సూచించే గుర్తు. రోమన్ లిపిలో ఒక అక్షరం ఒక బైటులో ఇముడుతుంది కనుక ఆ లిపి వాడేవారికి 30 బైట్లు ఎలాగోలా సరిపోయాయి. తెలుగులో, అక్షరాలను కంప్యూటర్‌లో దాచడానికి ఈనాడు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో, ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ, వత్తుకు ముందు వచ్చే పొల్లుకూ, సున్నకూ మూడేసి బైట్లు కావాలి. ఆ లెక్కన ‘విశాఖపట్నం’ అన్న ఒక్క పేరుతోనే ముప్పై బైట్లూ నిండిపోతాయి.

1998లో వచ్చిన రెండో తరం ఐడీత్రీలో ఈ ఇరుకు తొలగిపోయింది. ట్యాగు ఫైలు ముందు భాగానికి వచ్చింది. పాట పేరుకు, గాయకులకు, స్వరకర్తకు, గీత రచయితకు, భాషకు, ముఖచిత్రానికి వేర్వేరు గదులు ఏర్పడ్డాయి. అయినా చిక్కులు పూర్తిగా పోలేదు. నేటికీ ఎక్కువగా కనిపించే 2.3 వెర్షన్‌లో తెలుగు రాయాలంటే 16 బిట్ల యూనికోడ్ పద్ధతే మార్గం, యూటీఎఫ్-8 వాడుకునే వీలు 2000లో వచ్చిన 2.4 వెర్షన్‌తో గానీ రాలేదు. పాత కారు స్టీరియోలు కొన్ని 2.4ను సరిగా చదవలేవు. చదవగలిగిన వాటిలోనూ తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. అందుకే బీచ్ రోడ్డు మీద కారులో వినే పాటలకు 2.3 వెర్షన్‌నూ రోమన్ లిపినీ ఎంచుకుని, ఇంట్లో దాచుకునే మూల ప్రతులకు తెలుగు లిపినే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. శబ్ద నాణ్యత తగ్గకుండా పాటను దాచే ఫ్లాక్ ఫైళ్లలో ఈ బాధ చాలావరకు లేదు. వాటి ట్యాగులు మొదటి నుంచీ యూటీఎఫ్-8లోనే ఉంటాయి, పైగా ఒకే గదిని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు.

ఇక డేటాబేసుల సంగతి. ఆడియో సీడీ ప్రమాణం రూపుదిద్దుకున్నప్పుడు డిస్కులో పాటల పేర్లు ఉంచాలన్న నిబంధన లేదు. అందుచేత 1990లలో టి కాన్, స్టీవ్ షెర్ఫ్ ఒక ఉపాయం చేశారు. డిస్కులో ఏ పాట ఎక్కడ మొదలవుతుందో, మొత్తం నిడివి ఎంతో లెక్కకట్టి ఒక సంఖ్యను తయారుచేసి, ఆ సంఖ్యకు ఎదురుగా పాటల పేర్లను ఉంచారు. అదే సీడీడీబీ. పేర్లను టైపు చేసి పంపినవారు ప్రపంచమంతటా ఉన్న సాధారణ శ్రోతలు. తరువాత ఆ సేవ వ్యాపార సంస్థ చేతిలోకి వెళ్లి గ్రేస్‌నోట్‌గా మారినప్పుడు, తాము ఉచితంగా నింపిన సమాచారం తమకు దక్కకుండా పోయిందన్న ఆగ్రహం వారిలో కలిగింది. ఆ అసంతృప్తి నుంచే ఫ్రీడీబీ, మ్యూజిక్‌బ్రెయిన్జ్ వంటివి పుట్టాయి. ఫ్రీడీబీ 2020లో మూతపడింది. రాబర్ట్ కే ప్రారంభించిన మ్యూజిక్‌బ్రెయిన్జ్ మాత్రం లాభాపేక్ష లేని సంస్థ ఆధ్వర్యంలో నేటికీ నడుస్తోంది, అందులోని ముఖ్య సమాచారాన్ని ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు.

మ్యూజిక్‌బ్రెయిన్జ్ నిర్మాణాన్ని అర్థం చేసుకుంటే సగం చిక్కుముడులు విడిపోతాయి. పాట అనే ఒక్క మాటలో మనం కలిపేసే విషయాలను అది విడదీస్తుంది. సాహిత్యం, వరుస కలిసిన రచన ఒకటి. ఆ రచనను ఒకరు ఒక సందర్భంలో పాడగా రికార్డయిన శబ్దం మరొకటి. ఆ రికార్డింగు చేరిన క్యాసెట్టో సీడీనో ఇంకొకటి. గీత రచయితా స్వరకర్తా రచనకు చెందుతారు, గాయకులు రికార్డింగుకు చెందుతారు, కంపెనీ పేరూ విడుదల సంవత్సరమూ డిస్కుకు చెందుతాయి. ప్రతిదానికీ 36 అక్షరాల స్థిరమైన గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక, పేరు ఎన్ని రకాలుగా రాసినా వస్తువు మారదు. ఒకే సినిమా పేరు మళ్లీ మళ్లీ పెట్టే మన ఆనవాయితీకి ఇది ఎంతో అవసరం. 1953 నాటి ‘దేవదాసు’ పాటలనూ 2006 నాటి ‘దేవదాసు’ పాటలనూ కేవలం ఆల్బమ్ పేరును బట్టి సర్దే సాఫ్ట్‌వేర్ ఒకే ఫోల్డరులో కుక్కేస్తుంది, మొదటిదాని సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ పక్కన రెండోదాని సంగీత దర్శకుడు చక్రి చేరిపోతారు.

పేరు లేని ఫైలును పోల్చుకునే పద్ధతి ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది. లుకాష్ లాలిన్‌స్కీ రూపొందించిన క్రోమాప్రింట్ అనే ప్రోగ్రాము పాట శబ్దం నుంచి ఒక వేలిముద్రను తీస్తుంది, ఆకౌస్టిడ్ అనే సేవ ఆ ముద్రను తన దగ్గర ఉన్న ముద్రలతో పోలుస్తుంది. క్రోమాప్రింట్ ముందు శబ్దాన్ని ఒకే ఛానెల్‌కు, సెకనుకు 11,025 నమూనాలకు తగ్గిస్తుంది. ఆపై సెకనులో మూడో వంతుకు కాస్త ఎక్కువ నిడివి గల ముక్కలుగా, ఒక ముక్క తరువాతి ముక్కతో మూడింట రెండు వంతులు కలిసేటట్టు విభజించి, ఒక్కో ముక్కలో ఏ ధ్వని ఎంత బలంగా ఉందో కొలుస్తుంది. కొలిచిన వాటన్నిటినీ స్థాయీ భేదం లేకుండా 12 స్వరస్థానాల్లోకి కుదిస్తుంది. మంద్రంలో పలికినా తారలో పలికినా పంచమం పంచమమే అన్నట్టుగా లెక్కకడుతుంది, కాకపోతే ఇక్కడ ఆధారం గాయకుడి శ్రుతి కాదు, స్థిరమైన పౌనఃపున్యం. ఆ 12 వరుసల చిత్రాన్ని 16 జల్లెడలతో పరిశీలించి, ప్రతి స్థానంలోనూ 32 బిట్ల సంఖ్యను రాస్తుంది. మామూలుగా పాట మొదటి 120 సెకన్లకే ఈ పని జరుగుతుంది. ఆ సంఖ్యల వరుసనూ ఫైలు మొత్తం నిడివినీ కలిపి పంపితే జవాబు వస్తుంది.

ఈ పద్ధతి వల్ల ఒకే రికార్డింగు తక్కువ నాణ్యత గల ఎంపీత్రీలో ఉన్నా, ఫ్లాక్‌లో ఉన్నా ముద్రలు దాదాపు ఒకేలా వస్తాయి. అదే పాటను వేరొకరు వేదిక మీద పాడితే ముద్ర మారిపోతుంది, అలా మారడమే సరైనది. హోటల్లో వినిపించే పాటను ఫోనుతో గుర్తుపట్టే షజామ్ వంటి సేవల లక్ష్యం వేరు. అవి హోరులో దొరికిన కొన్ని సెకన్ల తునక నుంచి పాటను పట్టుకోవాలి. ఆకౌస్టిడ్ పూర్తి ఫైలు చేతిలో ఉందనుకుని పనిచేస్తుంది.

క్యాసెట్ల దగ్గర ఆకౌస్టిడ్ తడబడడానికి కారణం, స్థిరమైన పౌనఃపున్యం మీదా పూర్తి ఫైలు మీదా ఇలా ఆధారపడడమే. టేపు రికార్డరు మోటారు వేగం 3 శాతం పెరిగితే శ్రుతి దాదాపు అర స్వరస్థానం పైకి జరుగుతుంది, 6 శాతానికి పూర్తిగా ఒక స్వరస్థానం జరుగుతుంది. అప్పుడు 12 వరుసల చిత్రం మొత్తం పక్కకు తప్పుకుని ముద్ర సరిపోలదు. క్యాసెట్టు ఒక వైపు మొత్తాన్నీ ఒకే ఫైలుగా దాచినా, పాటకు ముందు సినిమా సంభాషణ కలిసినా ఫలితం అంతే. కాబట్టి క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవారు ముందుగా ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో పాటలను విడగొట్టి, వేగాన్ని సరిచేసి, ఆ తరువాతే ట్యాగుల జోలికి వెళ్లాలి.

మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పికార్డ్, ఏడ్రియన్ శాంప్సన్ ప్రారంభించిన బీట్స్ ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్లు. పికార్డ్‌లో కిటికీలు, బొమ్మలు ఉంటాయి కనుక కొత్తవారికి సులువు. బీట్స్ ఆదేశాలు టైపు చేసేవారికి ఉద్దేశించినది. రెండూ విడి పాటను కాక ఆల్బమ్‌ను ప్రమాణంగా తీసుకుంటాయి. విడి పాట పేరు ఎన్నో పాటలతో కలవవచ్చు గానీ, ఆరు పాటల పేర్లు, వాటి క్రమం, ఒక్కోదాని నిడివి అన్నీ ఒకేసారి మరో ఆల్బమ్‌తో కలవడం అరుదు. బీట్స్ ఈ తేడాలన్నిటినీ కలిపి ఒక దూరంగా లెక్కిస్తుంది, మనం సెట్టింగులు మార్చకపోతే 96 శాతానికి పైగా పోలిక ఉన్నప్పుడే గట్టి జోడీగా భావిస్తుంది, అనుమానం ఉంటే మనల్ని అడుగుతుంది. ఈ అడిగే గుణం వల్లనే నాకు బీట్స్ మీద నమ్మకం ఎక్కువ.

కాని ఆల్బమ్ అనే భావనే మన పాత పాటలకు సహజమైనది కాదు. 78 ఆర్‌పీఎం రికార్డుల కాలంలో ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాల పాట ఉండేది, ఒక సినిమా పాటలు అనేక రికార్డులుగా విడివిడిగా వచ్చేవి. వాటిని ఒకచోట చేర్చింది తరువాత వచ్చిన ఎల్‌పీలు, క్యాసెట్లు, సీడీలు, అవీ ఒక్కోటి ఒక్కో క్రమంలో. అదే రికార్డింగు గాయకుడి హిట్స్‌లో, రచయిత హిట్స్‌లో, దశాబ్దపు హిట్స్‌లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వేలిముద్రతో పోల్చినప్పుడు సాఫ్ట్‌వేర్ రికార్డింగును సరిగ్గానే పట్టుకుంటుంది, ఆ తరువాత అది ఉన్న డిస్కుల్లో ఏదో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చి, ఒకే సినిమా పాటలను నాలుగు సంకలనాల్లోకి చెల్లాచెదురు చేస్తుంది. పికార్డ్ సెట్టింగుల్లో సంకలనాలకు తక్కువ ప్రాధాన్యం ఇవ్వవచ్చు. స్కాన్ చేసే ముందు, ఒక సినిమా పాటలను ఒక గుంపుగా చేసి, ఆల్బమ్‌గా వెతికే లుకప్ బటన్ నొక్కడం మరింత మంచిది.

అసలు ముడి ‘ఆర్టిస్టు’ అనే గది దగ్గర పడుతుంది. పాశ్చాత్య పాప్ సంగీతంలో బృందమే రాసుకుని, స్వరపరచుకుని, పాడుకోవడం సాధారణం కనుక అక్కడ ఆ గదిలో ఒక పేరు చాలు. మన సినిమా పాటను ఒకరు రాస్తారు, మరొకరు స్వరపరుస్తారు, ఇద్దరు పాడతారు, తెర మీద మరో ఇద్దరు పెదవులు కదుపుతారు. గాయకుల పేర్లతో ఆ గదిని నింపితే, ఆల్బమ్‌ను గాయకుడిని బట్టి విడదీసే ప్లేయర్లలో ఒకే సినిమా నాలుగైదు ఆల్బములుగా చీలిపోతుంది. చీలకుండా ఉండాలంటే ‘ఆల్బమ్ ఆర్టిస్టు’ గదిలో అన్ని పాటలకూ ఒకే పేరు, అంటే సంగీత దర్శకుడి పేరు, ఉండాలి. ఐడీత్రీ ప్రమాణంలో ఈ గది నిజానికి వాద్యబృందం కోసం ఏర్పడినది, ప్లేయర్ల వాడుక వల్లనే దానికి ఈ కొత్త అర్థం వచ్చింది.

యుగళగీతం మరో సమస్యను తెస్తుంది. ‘ఘంటసాల, పి. సుశీల’ అని ఒకే వాక్యంగా రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని మూడో వ్యక్తిగా పరిగణిస్తుంది, సుశీల పాటలని వెతికితే యుగళగీతాలు రావు. ఇద్దరినీ వేర్వేరు విలువలుగా రాయాలి. పికార్డ్ ఇందుకోసం గాయకులను విడివిడిగా దాచే మరో గదిని కూడా నింపుతుంది, దాన్ని ప్లేయర్ చదవగలదో లేదో చూసుకోవాలి. తెర మీది నటుల కోసం ఐడీత్రీలో ప్రత్యేకమైన గది లేదు. ‘ఎన్టీఆర్ పాటలు’, ‘ఏఎన్నార్ పాటలు’ అని వెతికే పెద్దలు ఇంట్లో ఉంటే, మనకు నచ్చిన పేరుతో గదిని సృష్టించుకునే వీలు ఐడీత్రీలోనే ఉంది, అందులో నటుల పేర్లు రాసుకోవచ్చు.

సంగీత దర్శకుడి పేరును ఆల్బమ్ మొత్తానికి ఒకేసారి అంటించడం కూడా అన్నివేళలా సరికాదు. 1957 నాటి ‘మాయాబజార్’కు సంగీతం ఘంటసాలది. అయితే అందులో కొన్ని పాటల వరుసలు సాలూరి రాజేశ్వరరావు కట్టి, ఆ తరువాత చిత్రం నుంచి తప్పుకున్నారు. ఆల్బమ్ ఆర్టిస్టు ఘంటసాలగా ఉంటూనే, స్వరకర్త గది పాటపాటకూ మారగలగాలి. రచనను రికార్డింగు నుంచి వేరు చేసిన మ్యూజిక్‌బ్రెయిన్జ్ నిర్మాణంలో ఇది సాధ్యమే, ఎవరైనా ఆ వివరం నమోదు చేస్తే.

గీత రచయితల విషయంలో విశాఖ వాసిగా నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ ఈ ఊళ్లోనే పుట్టారు. శ్రీరంగం శ్రీనివాసరావు, భాగవతుల సదాశివశంకర శాస్త్రి అన్న వారి అసలు పేర్లతో వెతికేవారు బహు తక్కువ. అనకాపల్లిలో పెరిగిన చేంబోలు సీతారామశాస్త్రికి 1986లో వచ్చిన సినిమా పేరే ఇంటిపేరయింది, కనుక ‘సిరివెన్నెల’ అని వెతికితే ఆల్బమ్ రావాలా, రచయిత రావాలా అన్నది ఏ గదిలో వెతుకుతున్నామన్న దాని మీద ఆధారపడుతుంది. ఒకే వ్యక్తికి ఉన్న పలు పేర్లను మారుపేర్లుగా నమోదు చేసే ఏర్పాటు మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఉంది. ఆ మారుపేరు ఏ భాషదో కూడా చెప్పవచ్చు. తెలుగు మారుపేరు నమోదై ఉంటే, కళాకారుల పేర్లను తెలుగులోనే తెచ్చి రాయమని పికార్డ్‌కు చెప్పవచ్చు. రోమన్ లిపిలో బాలసుబ్రహ్మణ్యం పేరు చివర ‘వై’తో ఒకచోట, ‘ఐ’తో మరొకచోట ఉండడం వల్ల ఒకే గాయకుడు ఇద్దరుగా మారే ఇబ్బంది కూడా దీనితో తీరుతుంది.

తెలుగు లిపిలో రాసినంత మాత్రాన అంతా ఏకరూపంగా ఉంటుందని కాదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో వత్తు పడకుండా ఆపడానికి కంటికి కనిపించని ఒక గుర్తు టైపు చేస్తాము. ఆంగ్ల పదాలు కలిసిన సినిమా పేర్లలో ఆ గుర్తు ఒక ఫైలులో ఉండి మరో ఫైలులో లేకపోతే, కొన్ని ఫాంటుల్లో రెండూ ఒకేలా కనిపించినా సాఫ్ట్‌వేర్‌కు అవి రెండు ఆల్బములు. కారణం తెలియక గంటలు వృథా అయ్యే చోటు ఇది. ఆల్బమ్ పేరును ఒక ఫైలు నుంచి కాపీ చేసి అన్నిటిలో అతికిస్తే సరిపోతుంది.

కర్ణాటక సంగీతం విషయంలో పరిస్థితి కొంత ఆశాజనకం. బార్సిలోనాలోని పోంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో షావియర్ సెర్రా నాయకత్వంలో జరిగిన కంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు, కర్ణాటక సంగీత సేకరణను మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో నమోదు చేసింది. దాని ఫలితంగా రాగం, తాళం అక్కడ గుర్తించదగిన వివరాలయ్యాయి, ప్రక్క వాద్యకారులను కూడా రికార్డింగుకు జతచేయవచ్చు. ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల పక్కనే విజయనగరంలో ఉండగా, వయొలిన్ ఎవరు వాయించారో చెప్పని ట్యాగును మనం సమగ్రమని ఒప్పుకోకూడదు. అయితే మా ఊరి కళాభారతి సభామందిరంలో ఎవరో కూర్చుని క్యాసెట్లో పట్టుకున్న కచేరీ ఏ డేటాబేసులోనూ ఉండదు. అటువంటి వాటికి ఎంపీత్రీట్యాగ్ వంటి సాఫ్ట్‌వేర్‌తో చేతితో రాసుకోవడమే మార్గం. ఫైలు పేరులో రాగం, కీర్తన, గాయకుడు ఒకే క్రమంలో ఉంటే చాలు, ఆ పేరును విడగొట్టి వందల ఫైళ్లలో ఏకకాలంలో ట్యాగులు నింపుతుంది.

ఫోల్డర్లుగా సర్దడం సులువైన భాగం. సంగీత దర్శకుడు, సంవత్సరంతో కూడిన సినిమా పేరు, పాట సంఖ్య, పాట పేరు అని ఒక నమూనా ఇస్తే మిగిలినది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఒక్క జాగ్రత్త చాలు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే, ఫైళ్లు దాచే నిల్వ పెట్టెల్లో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు, తెలుగులో అది 85 గుర్తులు, అంటే సుమారు నలభై అక్షరాలు. పల్లవి మొత్తాన్నీ పేరుగా పెట్టిన ఫైళ్లు విండోస్‌లో బాగానే ఉండి అక్కడికి కాపీ కావు.

పాట వినగానే దాని భావాన్నీ రకాన్నీ యంత్రమే చెబుతుందన్న ప్రచారాన్ని మాత్రం నేను నమ్మమని చెప్పను. మ్యూజిక్‌బ్రెయిన్జ్ కుటుంబంలోనే అకౌస్టిక్‌బ్రెయిన్జ్ పేరుతో ఆ ప్రయత్నం జరిగింది. ఫలితాల నాణ్యత చాలదని భావించి 2022లో దాన్ని ముగించాలని నిర్ణయించారు. పేరు, రచయిత, గాయకుడు నిర్ధారించగల వాస్తవాలు, విషాదమో ఉల్లాసమో అన్నది అటువంటిది కాదు.

తెలుగు సినిమా పాటల వివరాలు మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో అసమానంగా ఉన్నాయి. ఒక సినిమాకు గాయకుల నుంచి రచయిత దాకా అన్నీ ఉంటాయి, పక్క సినిమాకు పాటల పేర్లు కూడా ఉండవు. ఖాతా తెరిచినవారెవరైనా వాటిని చేర్చవచ్చు. కొత్తగా చేర్చే వివరాలు చాలావరకు వెంటనే కనిపిస్తాయి, ఉన్నవాటిని మార్చే కొన్ని సవరణలు 7 రోజుల వరకు ఇతర సభ్యుల వోటింగుకు నిలుస్తాయి. ఇంట్లో పాత క్యాసెట్టు కవరు ఉంటే దాని వెనుక ముద్రించిన పాటల జాబితా, రచయితల పేర్లు, కంపెనీ ఆ క్యాసెట్టుకు ఇచ్చిన సంఖ్య చాలా విలువైన ఆధారాలు. సినిమాను నమోదు చేసిన తరువాత మన ఫైళ్లను పికార్డ్‌లో ఆ డిస్కుకు జతచేసి, వేలిముద్రలను ఆకౌస్టిడ్‌కు పంపితే, అదే పాట పేరు లేకుండా ఉన్న మరొకరి కంప్యూటర్‌లో స్కాన్ నొక్కగానే వివరాలు వస్తాయి. అయితే పంపే ముందు ప్రతి పాటనూ కొద్దిసేపయినా వినాలి. ఒక పాట ముద్రను మరో పాట పేరుకు పొరపాటున జతచేస్తే, ఆ తప్పు అంతే వేగంగా ఇతరుల ఫైళ్లలోకి వెళ్తుంది. దాన్ని తొలగించాలంటే, ఎవరో ఒకరు విని, గమనించి, ఆ జతను విడదీయవలసి ఉంటుంది.